మీకు తెలుసా? సైకిల్ తొక్కారు... ర్యాంపులు లేచాయి!

చెవి ఇటు పడేయండి! అమెరికా కాలేజీల్లో కుర్రాళ్లకు గ్రీకు అక్షరాల పేర్లతో సంఘాలుంటాయి. ఫ్రాటర్నిటీలంటారు. అంటే అన్నదమ్ముల జట్టు! సినిమాల్లో వాళ్ల పార్టీలే చూపిస్తారు. కానీ వాటిలో ఒక జట్టు దివ్యాంగుల కోసం ఏకంగా సొంత సేవాసంస్థనే నడుపుతోంది! దాని పేరు పై కప్పా ఫై. 1904లో చార్లెస్టన్ కాలేజీలో ముగ్గురంటే ముగ్గురు స్నేహితులు మొదలుపెట్టారు!

ఆ సేవాసంస్థ ఎలా పుట్టిందో తెలుసా? ఆటవస్తువులతో! తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు తాకి, పాకి, ఆడుకునే సామగ్రి కావాలి. బజార్లో దొరకదు. దొరకకపోతే ఏం, మేమే చేయిస్తాం అన్నారు కుర్రాళ్లు! అది 1977. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పటి పేరు ఎబిలిటీ ఎక్స్‌పీరియన్స్!

ఆళ్లగడ్డ వాళ్లు ఇప్పుడు కాలరెగరేయొచ్చు! ఆ ఆటసామగ్రికి రూపమిచ్చిన థామస్ సేయర్ ఎవరనుకున్నారు? శిల్పి! మన ఆళ్లగడ్డలో రాతిలోంచి దేవుళ్లను బయటికి తీస్తారే, అదే కళ! ఆయన కళ పిల్లల ఆటల కోసం కదిలింది. సంఘం తరఫున ఆయనకు తోడు నిలిచినవాడు డర్వర్డ్ ఓవెన్. ఇద్దరంటే ఇద్దరే!

ఇక అసలు సంగతి! 1987లో బ్రూస్ రోజర్స్ అనే కుర్రాడు సైకిలెక్కాడు. ఒక్కడే! అమెరికా ఈ చివర నుంచి ఆ చివరికి తొక్కేశాడు. దేనికి? దివ్యాంగుల కోసం చందాలు పోగేయడానికి! ‘వీడికేమైనా పిచ్చా’ అన్నవాళ్లు ఉండే ఉంటారు. మరుసటి ఏడాదికల్లా ఓ ఇరవై మంది ఆ పిచ్చిలో చేరిపోయారు!

ఇప్పుడది ఏటా జరిగే యాత్ర. పేరు జర్నీ ఆఫ్ హోప్. వేసవి సెలవుల్లో పడమటి తీరంలో బయల్దేరి వాషింగ్టన్‌లో దిగుతారు. ఎంత దూరమో తెలుసా? 6,000 కిలోమీటర్లకు పైనే! నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు కదా. లెక్కేసుకోండి! ఆ రోడ్డు మీద నూటయాభై సార్లు తొక్కినట్టు!

రోజుకు ఎంత తొక్కుతారంటే... సగటున 120 కిలోమీటర్లు! తెల్లారకముందే నంద్యాలలో బయల్దేరి, శిరివెళ్ల మెట్ట దాటి ఆళ్లగడ్డ వెళ్లి, మళ్లీ నంద్యాల వచ్చి, మళ్లీ ఆళ్లగడ్డ! ఒక్క రోజులో! మర్నాడు మళ్లీ అదే. రెండు నెలల పాటు!

ఆగండి, అయిపోలేదు! సైకిల్ దిగగానే పడుకుంటారనుకున్నారా? లేదు! మధ్యాహ్నమో సాయంత్రమో ఆ ఊళ్లోని దివ్యాంగుల దగ్గరికి వెళ్తారు. కలిసి భోంచేస్తారు. డ్యాన్సు చేస్తారు. చక్రాల కుర్చీల బాస్కెట్‌బాల్ ఆడతారు. చిత్తుగా ఓడిపోతారు కూడా! ప్రయాణమంతా 60 రోజులకు పైగా ఇదే వరస. నన్నడిగితే సైకిలు వట్టి సాకు. అసలు యాత్ర ఈ సాయంత్రాలే!

ఊరికే ఎక్కనివ్వరు సుమా! సైకిలెక్కాలంటే ఒక్కో కుర్రాడు ముందు చందా పోగేయాలి. 5,000 డాలర్లకు పైనే! మన డబ్బుల్లో నాలుగు లక్షల మాట. అమ్మమ్మను అడుగుతారు. పక్కింటాయన్ను అడుగుతారు. మంగలి షాపులో డబ్బా పెడతారు. మన వినాయక చవితి కుర్రాళ్లయితే ఈ పరీక్ష తేలిగ్గా పాసవుతారు, అనుమానమే లేదు!

ఇప్పటిదాకా యాత్రలతో, పందేలతో ఎంత వసూలు చేశారో ఊహించండి. కోటిన్నర డాలర్లకు పైగా! అంతా కాలేజీ కుర్రాళ్ల చెమటే!

ఇంకో తమాషా! ఈ కుర్రాళ్లు కాలేజీ మధ్యలో సారువ కడతారు. పైన ఎక్కి కూర్చుంటారు. పగలూ రాత్రీ, వంతులవారీగా! కిందనుంచి పోయేవాళ్లు డబ్బులు వేయాలి. కొన్నిచోట్ల చక్రాల కుర్చీ తోస్తూ డబ్బా పట్టి తిరగడమూ ఉంది. అది నాకు రుచించదు. కుర్చీ మనిషి కాళ్లకు బదులు, జాలికి జెండా కాదు! సారువ ఎక్కడమే నయం. నవ్వించి అడుగుతుంది.

డబ్బే కాదు, ఒళ్లూ వంచుతారు! వారాంతంలో దివ్యాంగుల శిబిరాలకు వెళ్లి ర్యాంపులు కడతారు. దారులు చదును చేస్తారు. ఇక్కడో రహస్యం! ర్యాంపు నిట్టనిలువుగా కడితే అది జారుడుబండే. లెక్క 1:12! గుమ్మం ఒక అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండు అడుగులు సాగాలి. మన ఆఫీసుల ముందు రెండడుగుల గుమ్మానికి నాలుగడుగుల ర్యాంపులు చూశారా? వాటి మీద మేకపిల్లే ఎక్కాలి!

పెన్ స్టేట్ యూనివర్సిటీ సంగతి వింటే ముక్కున వేలేసుకుంటారు! అక్కడి ఫ్రాటర్నిటీలన్నీ కలిసి డ్యాన్సు పోటీ పెట్టాయి. ఆగకుండా ఆడాలి. అలసిపోతే అవుట్! మొదటిసారి 78 మంది ఆడారు. వచ్చిన డబ్బు మేధో వైకల్యమున్న పిల్లల సంఘానికిచ్చారు. అది 1973!

అప్పుడొచ్చింది ఎంత? 2,000 డాలర్ల పైచిలుకు. అంతే! ఇప్పుడో? 2024లో ఒక్క ఏడాదే కోటీ 69 లక్షల డాలర్లు! మన లెక్కలో నూటనలభై కోట్లు! ఇప్పుడా డబ్బు క్యాన్సర్ పిల్లలకు వెళ్తోంది. విద్యార్థులే మొత్తం నడుపుతారు. పెద్దాఫీసర్లు లేరు!

ఎన్ని గంటలు ఆడతారో తెలుసా? 46 గంటలు! కూర్చోకూడదు. నిద్రపోకూడదు. శుక్రవారం సాయంత్రం లేచి నిలబడితే ఆదివారం సాయంత్రం కూర్చోవడమే! మన జాగరణ ఒక్క రాత్రే కదా, శివరాత్రికి మహానందిలో కూడా!

అమ్మాయిలేం తక్కువ తినలేదు! డెల్టా గామా అనే అమ్మాయిల జట్టు చూపులేనివారి కోసం పనిచేస్తోంది. ఎందుకు మొదలుపెట్టారు? వాళ్లలో ఒకమ్మాయికి చూపు లేదు! పేరు రూత్ బిల్లో. ఆమె అడిగింది, అందరూ సరేనన్నారు. 1936 నుంచీ ఆపలేదు! నిధుల కోసం ఈతకొలనులో పోటీలు పెడతారు. నీళ్లలో దూకితే కళ్లకు వెలుగు!

స్నేహమే చందా అయితే? జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో ఆంథోనీ కెనడీ ష్రైవర్ అనే విద్యార్థికి ఓ ఆలోచన వచ్చింది. ఒక విద్యార్థికి ఒక దివ్యాంగ మిత్రుడు. జోడీ! కలిసి సినిమాకెళ్లాలి, ఫోన్లో మాట్లాడుకోవాలి, పుట్టినరోజులు చేసుకోవాలి. డబ్బివ్వడం కన్నా ఇది కష్టమే సుమా! పేరు బెస్ట్ బడ్డీస్. సంస్థగా నమోదైంది 1989లో. ఇప్పుడు దేశదేశాల్లో ఉంది! ఈ అబ్బాయి అమ్మే స్పెషల్ ఒలింపిక్స్ మొదలుపెట్టిన యూనిస్ కెనడీ ష్రైవర్!

ఇది వినండి, ఒళ్లు పులకరిస్తుంది! దివ్యాంగులే పెట్టుకున్న ఫ్రాటర్నిటీ కూడా ఉంది! డెల్టా సిగ్మా ఒమిక్రాన్. ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1940ల చివర్లో చక్రాల కుర్చీల విద్యార్థులు పెట్టారు. ఎవరో వచ్చి ఇవ్వాలని కూర్చోలేదు. వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు గిజ్ కిడ్స్ ఊరూరా తిరిగి ఆడింది. టికెట్లు అమ్మింది. తమ చదువుల కార్యక్రమానికి తామే నిధులు తెచ్చుకుంది!

అదే యూనివర్సిటీలో చక్రాల కుర్చీని ఎత్తి ఎక్కించుకునే లిఫ్టు బస్సులు ఎప్పుడొచ్చాయో చెప్పండి. 1990? 1980? కాదు! 1952! నంద్యాల బస్టాండులో మన బస్సు మెట్టు ఎత్తు చూసి, మళ్లీ ఈ సంవత్సరం చదవండి!

ఒంటికాలితో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పరుగెత్తగలరా? ఒకడు రోజూ ఇంచుమించు అంత దూరం పరుగెత్తాడు! కెనడా కాలేజీ కుర్రాడు టెర్రీ ఫాక్స్. క్యాన్సర్ ఒక కాలు తీసుకుపోయింది. 1980లో కృత్రిమ కాలితో రోడ్డెక్కాడు. క్యాన్సర్ పరిశోధనకు చందా పోగేశాడు. రోజుకో మారథాన్! అలా 143 రోజులు!

పోలియో పిల్లల కోసం అమెరికా జనం ఏం చేశారో తెలుసా? పది సెంట్ల నాణేలు కవర్లో పెట్టి నేరుగా అధ్యక్షుడికి పోస్టు చేశారు! ఆ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కూ నడక లేదు మరి. 1938లో వైట్‌హౌస్‌లో ఉత్తరాల గుట్టలు! పోస్టు గుమాస్తాలకు చెమటలు! లెక్కపెడితే 26 లక్షల 80 వేల నాణేలు!

తలమీద చన్నీళ్లు గుమ్మరించుకున్న వీడియోలు గుర్తున్నాయా? ఐస్ బకెట్ చాలెంజ్! కండరాలను చచ్చుబరిచే ఏఎల్‌ఎస్ జబ్బు కోసం. దాన్ని ఊరూరా అంటించిన పీట్ ఫ్రేట్స్ బోస్టన్ కాలేజీ బేస్‌బాల్ మాజీ కెప్టెన్. ఆయనకే ఆ జబ్బు! కొద్ది వారాల్లో ఒక్క అమెరికా సంఘానికే వచ్చింది 11 కోట్ల 50 లక్షల డాలర్లు! బకెట్ నీళ్లకు!

మన హైదరాబాద్ తెలివి చూడండి! నీళ్లు పారబోయడమెందుకు, బియ్యమివ్వండి అంది పాత్రికేయురాలు మంజులత కళానిధి. రైస్ బకెట్ చాలెంజ్! ఒక బకెట్ బియ్యం అవసరమున్నవారికి ఇచ్చి ఫొటో పెట్టాలి. 2014 ఆగస్టులో ప్రపంచమంతా మాట్లాడుకుంది. తడవనక్కర్లేదు, తువ్వాలక్కర్లేదు!

‘ఇదంతా అమెరికా గోల’ అంటున్నారా? మీరూ దివ్యాంగులకు చందా ఇచ్చారు! నమ్మరా? డిసెంబరు 7న బడికో కాలేజీకో ఎన్‌సీసీ పిల్లలు చిన్న జెండా తెచ్చి చొక్కాకు గుచ్చలేదూ? ఎరుపు, ముదురు నీలం, లేత నీలం! ఆ రూపాయి యుద్ధంలో గాయపడి దివ్యాంగులైన జవాన్లకూ, అమరుల కుటుంబాలకూ వెళ్తుంది. 1949 నుంచీ ఇదే వరస! నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఆ జెండా గుచ్చుకోని చొక్కా ఉందా?

అలా గాయపడ్డ జవాన్లలో ఒకరు మురళీకాంత్ పేట్కర్. 1965 యుద్ధంలో తూటాలు దిగాయి. నడక పోయింది. బాక్సర్ కాస్తా ఈతగాడయ్యాడు! జర్మనీలో పారాలింపిక్స్ బంగారు పతకం కొట్టాడు. మన దేశానికి పారాలింపిక్స్‌లో అదే మొదటి బంగారం! యాభై మీటర్లు ఈదడానికి పట్టింది 37.33 సెకన్లు!

మన కాలేజీల్లో ఫ్రాటర్నిటీలు లేవు. కానీ ఎన్‌ఎస్‌ఎస్ ఉంది! గాంధీ శతజయంతి ఏడాది 1969లో పుట్టింది. తొలి ఏడాది చేరినవాళ్లే 40,000 మంది విద్యార్థులు! వాళ్లు గంటల లెక్కన సేవ చేయాలి. ఏడాదికి నూటఇరవై గంటలు! ఆ గంటలు మొక్కలు నాటి ఫొటో దిగడానికే పోతున్నాయని నా గొణుగుడు. అది వేరే సంగతి!

ఒకే ఊరు, రెండు వింతలు! కాలేజీ కుర్రాళ్ల రోటరాక్ట్ క్లబ్బులు మన ఊళ్లలోనూ ఉన్నాయి కదా. మొదటిది 1968లో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో పుట్టింది. మన సైకిల్ కుర్రాళ్ల సంఘం హెడ్డాఫీసు ఎక్కడో తెలుసా? అదే షార్లెట్!

హైదరాబాద్ కాలేజీ పిల్లలు 2009లో తామే ఓ సంస్థ పెట్టేసుకున్నారు. స్ట్రీట్ కాజ్! నడిపేది విద్యార్థులే. కాలేజీకో శాఖ! చందాలు పోగేస్తారు, పరుగుపందేలు పెడతారు, ఖర్చూ వాళ్లే చేస్తారు. గ్రీకు అక్షరాలు మాత్రం లేవు!

గ్రీకు అక్షరాలు కావాలా? అవీ మనవాళ్లకున్నాయి! టెక్సస్‌లో భారతీయ మూలాలున్న విద్యార్థులు 1998లోనే డెల్టా ఎప్సిలాన్ సై పెట్టారు. పిల్లలకొచ్చే మధుమేహం మీద పోరుకు నిధులు సేకరిస్తారు. పేరు గ్రీకు, ఇంటి నుంచి వచ్చే డబ్బాలో ఆవకాయ!

దానం మనకు కొత్తా? ఆళ్లగడ్డ పక్కన ఉయ్యాలవాడకు వెళ్లి అడగండి! బుడ్డా వెంగళరెడ్డి పేరు చెప్తారు. 1866 కరువులో గాదెలు తెరిచేశాడు. వేలమందికి నెలల తరబడి అన్నం! రసీదు పుస్తకం లేదు, ఫ్లెక్సీ లేదు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది!

పంక్చరైన సైకిలు లక్షల కాళ్లిచ్చింది! జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు సైకిల్ టైరు పోయి ఓ దుకాణం దగ్గర ఆగాడు. అక్కడ లారీ టైరుకు రబ్బరు ఎక్కిస్తున్నారు. ‘అరె, కాలూ ఇలాగే చేయొచ్చే’ అనుకున్నాడు! డాక్టర్ సేథీతో కలిసి చేసేశాడు. జైపూర్ ఫుట్! ఆయన చదివింది ఎంతో తెలుసా? 4వ తరగతి!

ఆ కాలు తెలుగు తెర మీద నాట్యమాడింది! ‘మయూరి’ చూశారుగా. సుధా చంద్రన్ నిజంగానే కాలు పోగొట్టుకుంది, నిజంగానే జైపూర్ కాలితో ఆడింది. తన కథలో తానే నటించింది! సినిమాకొచ్చిన నంది అవార్డులు 14!

తెల్లకర్ర ఎందుకు తెల్లగా ఉంటుంది? అంతకుముందు చాలామంది చేతుల్లో నల్లకర్రే! 1930లో అమెరికాలోని పియోరియా ఊళ్లో ఒక లయన్స్ సభ్యుడు చూశాడు. నల్లకర్ర పట్టుకున్నాయన రోడ్డు దాటలేకపోతున్నాడు. కార్లవాళ్లకు కర్ర కనపడడం లేదు! వెంటనే తెల్ల రంగు వేయించారు, ఎర్ర పట్టీ కొట్టించారు. ఖర్చు ఒక రంగు డబ్బా!

ఇంటర్‌లో సైన్స్ చదవాలని ఉంది, చూపు లేదు. కుదరదన్నారు! మచిలీపట్నం దగ్గరి కుర్రాడు కోర్టుకెక్కాడు. గెలిచాడు! తర్వాత మార్కులు 98 శాతం! అక్కడితో ఆగాడా? అమెరికా వెళ్లి ఎంఐటీలో చేరాడు. తిరిగొచ్చి దివ్యాంగులకు ఉద్యోగాలిచ్చే కంపెనీ పెట్టాడు. శ్రీకాంత్ బొల్లా! చందా అడిగే చేతిని జీతమిచ్చే చేతిగా మార్చేశాడు!

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి. మేధో వైకల్యమున్న క్రీడాకారుల విభాగంలో పరుగెత్తుతుంది. 2024లో జపాన్‌లో నాలుగు వందల మీటర్లు 55.07 సెకన్లలో కొట్టేసింది! అప్పటికి అది ప్రపంచ రికార్డు! అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకమూ తెచ్చింది!

అంధుల క్రికెట్‌లో బంతి గలగలమంటుంది! లోపల చిన్న గోళీలుంటాయి మరి. ఇంకో గమ్మత్తు! బొత్తిగా చూపులేని బ్యాటర్ ఒక పరుగు తీస్తే స్కోరుబోర్డు మీద 2! బౌండరీ కొడితే? మీరే లెక్కేయండి! మన జట్టుకు కెప్టెన్సీ చేసిన అజయ్ కుమార్ రెడ్డి ఉమ్మడి గుంటూరు జిల్లావాడు. అర్జున అవార్డు అందుకున్నాడు!

చట్టం ఎన్ని వైకల్యాలను గుర్తిస్తుందో చెప్పగలరా? పాత చట్టంలో ఏడే! 2016 చట్టంలో 21! తలసీమియా ఉంది, ఆటిజం ఉంది, యాసిడ్ దాడి బాధితులూ ఉన్నారు. ఏ కాలేజీ గోడ మీదైనా ఈ జాబితా రాసి ఉందా? మీ కాలేజీలో వెతకండి!

ప్రభుత్వ సాయమున్న కాలేజీల్లో ప్రతి వంద సీట్లలో 5 దివ్యాంగులకే! చట్టం మాట. చాలా ఇళ్లలో ఇది తెలియదు. పక్కింటి అబ్బాయి ఇంటర్ పాసయ్యాడా? వెళ్లి చెప్పేయండి!

ఒకటో తారీఖు తెల్లారేసరికి మన రాష్ట్రంలో తలుపు తట్టేదెవరు? పింఛను! దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి 6,000 రూపాయలు. అంతకుముందు అందులో సగమే! పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఇంకా ఎక్కువ!

చందా ఇచ్చేవాళ్లకో చిట్కా! పాత పన్ను పద్ధతిలో విరాళానికి మినహాయింపు కావాలా? నోట్లిస్తే 2,000 రూపాయల దాకానే లెక్క! దాటితే చెక్కో, ఆన్‌లైనో. రసీదు అడగడానికి మొహమాటపడకండి!

బధిరులకు బీమా ఇవ్వబోమన్నాయి ఒకప్పటి అమెరికా కంపెనీలు. ఇచ్చినా ఎక్కువ డబ్బు గుంజేవి. వాళ్లేం చేశారు? తామే సోదర సంఘం పెట్టి, తామే బీమా ఇచ్చుకున్నారు! 1901లో! బధిరుల సొంత ఫ్రాటర్నిటీ, సొంత పాలసీ!

చివరిగా ఒకటి, ఎవరికీ చెప్పకండి! వాషింగ్టన్‌లో బధిరుల కాలేజీ ఉంది, గాలడెట్. వాళ్ల ఫుట్‌బాల్ జట్టు సైగలతో ఎత్తులు వేసేది. అవతలి జట్టూ బధిరులదే అయితే? సైగలు చదివేస్తారుగా! అందుకే పాల్ హబ్బర్డ్ అనే కుర్రాడు జట్టంతటినీ గుండ్రంగా వంగి నిలబెట్టాడు. మధ్యలో సైగ చేశాడు. ఎవరికీ కనపడలేదు! అది 1894 అంటారు. మన క్రికెటర్లు భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా వంగుతారే, ఆ అలవాటుకు పుట్టిల్లు అదేనట! రేపు మ్యాచ్‌లో వాళ్లు అలా వంగగానే పక్కవాడి చెవిలో ఊదేయండి!